వలచింది ఎవరు?

సభ్యులందరికీ నమస్కారం.

మేం కొందరం ఆడవాళ్ళం నెలకోసారి బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కులో కలుస్తాం. కొత్తగా చదివిన నవలల సంగతి చెప్పుకుంటాం, చేతిలో ఉన్నవి ఇచ్చి పుచ్చుకుంటాం. ఈసారి ఐటీలో పనిచేసే ఒక అమ్మాయి మొదటిసారి వచ్చింది. కూర్చోగానే "ఆంటీ, తెలుగులో మంచి రొమాన్స్ నవలలు కొత్తగా ఏమొచ్చాయి?" అని అడిగింది. పక్కనున్న పెద్దావిడ ముఖం మారిపోయింది. "అలాంటివి మేం చదవమమ్మా" అన్నారు. ఆవిడ చిన్నప్పటి నుంచి చదివేవి అవే. యద్దనపూడి సులోచనారాణి గారి సీరియళ్ళు వారపత్రికల్లో వస్తుంటే పేజీలు విడదీసి బైండు చేయించుకున్న మనిషి. ఇద్దరికీ కావాల్సింది ఒకటే. మాట దగ్గరే అడ్డం వచ్చింది.

ఇంటికొచ్చాక కూడా అదే మనసులో తిరిగింది. ఆ నవలని తెలుగులో ఏమనాలి? పుస్తకాల పేర్లు పుస్తకాల పోస్టులో చెప్పుకుందాం. ఇక్కడ మాట గురించే రాస్తాను.

రొమాన్స్ అన్న మాట మన దగ్గరికి వచ్చేసరికి అర్థం కుంచించుకుపోయింది. "వాళ్ళిద్దరూ మెట్ల మీద రొమాన్స్ చేస్తున్నారు" అంటే ఎవరికి ఏం అర్థమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఆ పెద్దావిడ అలా అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు.

శృంగారం అందామా అంటే దానిదీ అదే గతి. ఒకప్పుడు రసాల్లో మొదట చెప్పేది శృంగారాన్నే. అన్నమయ్య కీర్తనల్ని శృంగార సంకీర్తనలు, అధ్యాత్మ సంకీర్తనలు అని రెండుగా చెబుతారు. దేవుడి గుడిలో పాడే పాటకి ఆ పేరు పెట్టడానికి అప్పుడు ఎవరికీ సంకోచం కలగలేదు. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికాసాంత్వనాన్ని 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో గానీ పోలేదు. ఇవాళ అట్ట మీద శృంగార నవల అని ఉంటే నేను కూడా మెట్రోలో ఆ అట్టకి పేపరు చుట్టుకుంటాను. ప్రేమ నవల అనడంలో ఇబ్బంది లేదు గానీ ప్రేమ చాలా విశాలమైన మాట. అమ్మది ప్రేమే, దేవుడి మీద ఉండేదీ ప్రేమే.

నాకు నచ్చిన మాట వలపు. వలపు నవల.

పాతబడిన మాట, సినిమా పాటల్లో తప్ప ఎక్కడుంది అని మీరనవచ్చు. నిజమే, ఇంట్లో ఎవరూ "మా అమ్మాయి ఫలానా అబ్బాయిని వలచింది" అనరు. లవ్ చేస్తోంది అంటారు, ఇష్టపడింది అంటారు, కాస్త పెద్దవాళ్ళయితే మనసు పడింది అంటారు. కానీ ఈ మాట చుట్టాలు మాత్రం రోజంతా మన నోట్లోనే ఉన్నాయి. అదే నన్ను పట్టేసింది.

వలచు అంటే పాత తెలుగులో ప్రేమించడమే కాదు, కోరుకోవడం కూడా. దాని పక్కనే వలయు ఉంది. కావలయును, కావలెను, చివరికి మన కావాలి. దానికి వ్యతిరేకం వలదు, అదే మన వద్దు. అంటే వలపు, కావాలి, వద్దు, ఈ మూడింటిలోనూ ఉన్నది ఒకే "వల". చేపలు పట్టే వల కాదిది. వలపు వలలో పడ్డాడు అని రాసీ రాసీ ఆ రెండింటినీ కలిపేశాం. ఇది కోరిక. మన్మథుణ్ణి వలరాజు అన్నది ఇందుకే. ఎడబాటులో కలిగే బాధకి వలవంత అని మాట ఉంది. వంత అంటే దుఃఖం. ఆ తాపానికి వలకాక అని ఇంకో మాట. విరహవేదన అని ఎన్నిసార్లు రాసినా వలవంత అన్నంత మెత్తగా రాదు. కొత్తగా రాస్తున్న రచయిత్రులు ఈ గుంపులో ఉంటే ఒక్కసారి వాడి చూడండమ్మా.

ఇప్పుడు అసలు నా ప్రశ్న. వలచు అనే క్రియకి మన తెలుగులో కర్త ఎవరు?

సామెతలు చూడండి. "తాను వలచింది రంభ, తాను మునిగింది గంగ." వలచినవాడు మగవాడు, రంభ వలచబడింది. రంభకి అతను నచ్చాడా లేదా అన్నది సామెతకి అక్కర్లేదు. ఇంకోటి, "వలచి వస్తే మేనమామ కూతురు వరస కాదన్నట్టు." ఇక్కడ వలచింది అమ్మాయే. ఇష్టపడి తనంతట తాను వచ్చింది. మేనమామ కూతురు, మన ఇళ్ళల్లో అంతకంటే సరైన వరస ఉండదు. అయినా వచ్చింది తను గనుక వరస కాదన్నారు. అందుబాటులో ఉన్నదాన్ని వంక పెట్టి కాలదన్నుకోవడం అని సామెతకి అర్థం చెబుతారు. నాకు మాత్రం ఆ వచ్చిన పిల్ల కనిపిస్తుంది. గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట విన్నాక ఎలా వెనక్కి నడిచి వెళ్ళింది? ఆమె వైపు నుంచి చెబితే ఒక నవల అవుతుంది. మనం చదివే చాలా మంచి నవలలు ఆ గుమ్మం దగ్గరే మొదలవుతాయి.

పేపర్లో పెళ్ళి ప్రకటనలు చూడండి. వధువు కావలెను, వరుడు కావలెను. ఆ కావలెనులో ఉన్నది వలపులోని వలే. కానీ అక్కడ కోరేది ఎవరు? ఇల్లు, తలిదండ్రులు, పెద్దవాళ్ళు. మాట లోపల వలపు ఉంది, వలచే మనిషి లేదు. "మీ అమ్మాయిని ఎక్కడిచ్చారు?" అని ఈ 2020లలో కూడా హైదరాబాదులో ఫంక్షన్ హాల్లో నన్ను అడుగుతూనే ఉన్నారు. ఇచ్చారు అన్న క్రియలో అమ్మాయి కర్మ, ఇచ్చినవాళ్ళు కర్త. పెళ్ళి చేశారు, పెళ్ళయింది, పెళ్ళి చేసుకుంది, ఈ మూడు మాటల మధ్య ఎంత దూరం ఉందో ఆడపిల్ల తల్లికి తెలుసు.

వ్యాకరణంలో ఇంకో సంగతి ఉంది. తెలుగులో ఇష్టం చెప్పాలంటే చాలాసార్లు "కు" పెడతాం. నాకు ఇష్టం. నాకు నచ్చాడు. నాకు కావాలి. "అతను నాకు నచ్చాడు" అన్న వాక్యంలో కర్త అతనే, నేను కాదు. ఇష్టం ఎక్కడి నుంచో వచ్చి నా మీద వాలినట్టు. ఇది మన భాషలో ఉన్న అందం, నేను కాదనను. కానీ "నేను వలచాను" అన్నప్పుడు కు పోతుంది, నేను నిలబడుతుంది. "వలదు" అన్నప్పుడు కూడా అంతే గట్టిగా నిలబడాలి.

కొత్త నవల చేతికొస్తే నేను చూసేది ఇదే. నాయికకి ఎవరో నచ్చడం వేరు, నాయిక వలచడం వేరు. ఆమె కావాలి అన్న చోటు ఏది, వద్దు అన్న చోటు ఏది అని వెతుక్కుంటాను. కొన్ని నవలల్లో మూడు వందల పేజీలు నడిచినా ఆ రెండు మాటలు ఆమె నోట రావు. అతను వస్తాడు, చూస్తాడు, అపార్థం చేసుకుంటాడు, వెళ్తాడు, మళ్ళీ వస్తాడు. ఆమె ఏడుస్తుంది. ఇప్పుడు ఫోన్లో రోజుకో భాగం చదివే సీరియళ్ళలో కూడా ఇది చాలా ఉంది, హీరో పేరు పక్కన పెద్ద కంపెనీ పేరు చేరింది అంతే. వాటిని ఇష్టంగా చదివేవాళ్ళని నేను తక్కువ చేయను. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన పిల్లకి ఆ అరగంట ఎంత అవసరమో మా ఇంట్లో చూస్తున్నాను.

కొత్తవాళ్ళు రాసేవాటిలో నాకు ఒక్కటే బాధ. ప్రేమలో పడింది, ప్రేమలో పడిపోయింది అని ప్రతి పేజీలో ఉంటుంది. పడడం ఇంగ్లీషు వాళ్ళ మాట. మనకి మనసు పడడం ఉంది. అక్కడ పడేది మనసు, మనిషి కాదు. మనసివ్వడం ఉంది, వలచడం ఉంది. ఇన్ని ఉండగా ఎందుకు పడిపోవాలి?

*

వ్యాఖ్యలు చదివాక ఇంకొంచెం రాస్తున్నాను.

వలపు నవల అంటే చిన్నదైపోదా, ఈ నవలల్లో అత్తగారు, ఉద్యోగం, విడాకులు, అమ్మ ఆరోగ్యం అన్నీ ఉంటాయి కదా అని ఒక అక్క అడిగారు. నిజం. వలపు కేంద్రంగా ఉన్నవాటికే ఆ పేరు. మిగతావాటిని ఆడవాళ్ళ నవలలు అనాలా అని ఇంకొకరు అడిగారు. దీనికి ఒక ముచ్చట చెబుతాను. కందుకూరి వీరేశలింగం గారు 1878లో రాజశేఖర చరిత్రని వచన ప్రబంధం అన్నారు. అప్పటికి నవల అన్న పేరు స్థిరపడలేదు. ఆ పేరు పెట్టింది కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారని చెబుతారు. కొత్త విశేషాల్ని గ్రహించేది కాబట్టి నవల అని ఆయన సంస్కృతంలో వ్యుత్పత్తి కూడా చెప్పారు. ఇంగ్లీషు నావెల్‌తో ధ్వని కూడా కలిసింది. కానీ మన పాత నిఘంటువులు తెరిచి చూడండి. నవలా అంటే స్త్రీ. అచ్చ తెలుగు మాట. పుస్తకానికి ఆ పేరు రాకముందే మనిషికి ఉంది. రెండూ ఒకచోట కలవడం యాదృచ్ఛికమే, దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టను. అయినా ఆడవాళ్ళ నవల అనగానే తేలిక చేసి మాట్లాడేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. నాకైతే వట్టి నవల అనడమే ఇష్టం.

మన ప్రాచీనులు అష్టవిధ నాయికలని, అంటే ప్రేమలో ఉన్న స్థితిని బట్టి ఎనిమిది రకాల నాయికలని చెప్పారు కదా, అక్కడ స్త్రీయే కేంద్రం కదా అన్న అన్నగారికి. కేంద్రమే. కానీ పేర్లు చూడండి. ప్రోషితభర్తృక భర్త పరదేశం వెళ్ళాడు. విప్రలబ్ధ దగ్గరికి వస్తానన్నవాడు రాలేదు. ఖండిత దగ్గరికి వేరే చోట రాత్రి గడిపి వచ్చాడు. స్వాధీనపతికకి అతను చెప్పుచేతల్లో ఉన్నాడు. ఎక్కువ పేర్లు అతను ఎక్కడున్నాడో చెబుతాయి. నాకు దగ్గరగా అనిపించేది ఇద్దరే. ఒకరు అభిసారిక, చీకట్లో తనే బయలుదేరి వెళ్తుంది. ఇంకొకరు కలహాంతరిత, పో అని చెప్పి పంపేసి తర్వాత కుమిలిపోతుంది. ఒకరు కావాలి అన్నారు, ఒకరు వద్దు అన్నారు. కలహాంతరితని ఇప్పటి రచయిత్రులు ఇంకా బాగా పట్టుకోవచ్చు. పో అన్నాక పశ్చాత్తాపం రావాలని నియమం ఏమీ లేదు కదా.

ఐటీ అమ్మాయికి ఈ పోస్టు పంపాను. చదివి, తను ఇన్నాళ్ళూ క్రష్ అంటున్నది వలపో కాదో ఆలోచించుకుంటానంది. పెద్దావిడకి ఫోన్ చేసి చదివి వినిపించాను. వచ్చే నెల ఆ బైండు పుస్తకాలు రెండు సంచిలో వేసుకుని తెస్తానన్నారు, ఆ అమ్మాయికే ఇస్తారట.

ఒక్క సాయం చేయండి. మీ ఊళ్ళో, మీ ఇంట్లో పెద్దవాళ్ళ మాటల్లో, పాటలో కాదు మాటల్లో, వలచు గానీ వలపు గానీ ఇప్పటికీ వినిపిస్తుంటే జిల్లా పేరుతో సహా రాయండి. ఎవరు ఎవరి గురించి ఆ మాట అన్నారో కూడా రాయండి.