‘రాదు’, ‘కూడదు’, ‘వద్దు’: సీఎస్‌ఎస్ తప్పు చూపే సందేశంలో ఏ క్రియ నప్పుతుంది?

ప్రశ్న: మిత్రులకు నమస్కారం. వెబ్‌పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ కోడ్‌లో తప్పులు పట్టి చూపే స్టైల్‌లింట్ అనే సాధనాన్ని వాడుతున్నాం. మా బృందంలోని ప్రాజెక్టులన్నిటికీ ఒకే స్టైల్‌లింట్ కాన్ఫిగరేషన్‌ను ప్యాకేజీగా తయారు చేస్తున్నాం. ప్రతి నియమానికీ ‘మెసేజ్’ దగ్గర మన సొంత వాక్యం ఇచ్చుకోవచ్చు కాబట్టి అక్కడ తెలుగు రాస్తున్నాను. కోడ్‌లో మీసాల బ్రాకెట్ల మధ్య ఏమీ లేని బ్లాకు కనబడినప్పుడు ‘ఖాళీ బ్లాకు ఉండరాదు’ అనాలా, ‘ఉండకూడదు’ అనాలా, ‘ఖాళీ బ్లాకు రాయవద్దు’ అనాలా? మూడింటికీ అర్థభేదం ఉందా?

జవాబు: ఉందండి, గట్టి భేదమే ఉంది. ‘వద్దు’ అన్నప్పుడు చెప్పే మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు. అది ఒకరు మరొకరిని వారించే మాట. ‘కూడదు’లో మంచిచెడ్డల తీర్పు తొంగిచూస్తుంది. అబద్ధం ఆడకూడదు అంటాం, పెద్దలను ఎదిరించకూడదు అంటాం. ‘రాదు’ నిబంధనావళి గొంతు. ఎవరు అన్నారో తెలియదు, ఎవరితో అన్నారో తెలియదు, అందరికీ వర్తిస్తుంది. నియమాల పట్టిక రాస్తున్నట్లయితే నా ఓటు కళ్లు మూసుకుని ‘రాదు’కే.

కానీ మీరు రాస్తున్నది పట్టిక కాదు. ఆ వాక్యం తెరమీదకు వచ్చేసరికి ఖాళీ బ్లాకు ఉండనే ఉంది. జరిగిపోయిన పనికి నిషేధం చెబితే చదివేవారికి మందలింపే మిగులుతుంది, దారి దొరకదు. అందుకే కంటికి కనబడినది ముందు చెప్పి, చేయవలసినది తర్వాత చెప్పండి: ‘ఈ బ్లాకు ఖాళీగా ఉంది. తీసివేయండి.’ రెండు చిన్న వాక్యాలు, కసురుకోవడం లేదు. ప్యాకేజీ పది ప్రాజెక్టులకు వెళితే మీ మాట మీ ముఖం ఎరుగని వారి దగ్గరకు వెళుతుంది. అక్కడ మర్యాద ‘-అండి’ ఒక్కదానితోనే నిలబడదు, వాక్యం ఎక్కడ మొదలైందన్న దానిమీద కూడా ఆధారపడుతుంది.

తీవ్రతనూ క్రియలోనే చూపించవచ్చు. ఒక్కో నియమాన్ని ‘ఎర్రర్’గానో ‘వార్నింగ్’గానో పెట్టుకునే వీలు స్టైల్‌లింట్‌లో ఉంది. సంధి సూత్రాల్లో నిత్యం, వైకల్పికం అని విడదీసి చెప్పడం మనకు బాగా అలవాటైన పనే. ఎర్రర్ అయితే ‘తీసివేయండి’, వార్నింగ్ అయితే ‘తీసివేయడం మేలు’. ఈ తేడాను ప్యాకేజీ అంతటా తప్పకుండా పాటిస్తే, రంగులు చూడకుండానే ఏది ఆగి సరిచేయవలసినదో తెలుస్తుంది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. కాన్ఫిగరేషన్‌ను జావాస్క్రిప్ట్ ఫైలుగా రాస్తే ‘మెసేజ్’ దగ్గర ఫంక్షన్ (వాక్యాన్ని అప్పటికప్పుడు కూర్చే చిన్న కోడ్) కూడా ఇవ్వవచ్చు. అప్పుడు దొరికిన ప్రాపర్టీ (రంగు, పారదర్శకత వంటి లక్షణం) పేరు వాక్యం మధ్యలో వచ్చి కూర్చుంటుంది. ఒకే బ్లాకులో ఒక ప్రాపర్టీ మళ్లీ వస్తే పట్టుకునే ‘డిక్లరేషన్-బ్లాక్-నో-డూప్లికేట్-ప్రాపర్టీస్’ నియమాన్నే తీసుకోండి. పేరు తర్వాత ‘ను’ అని రాసి పెట్టుకుంటే ‘కలర్‌ను మళ్లీ రాశారు’ చక్కగా ఉంటుంది. ‘ఒపాసిటీ’ వచ్చిందో, ‘ఒపాసిటీను’ అని చెవికి గుచ్చుకుంటుంది, అక్కడ ‘ని’ కావాలి. ‘కు’, ‘కి’ల గొడవా ఇదే. ఇకారాంతమా కాదా అని తేల్చడానికి కోడ్ రాయబోకండి. పేరు వచ్చేది ఇంగ్లీషు లిపిలో, చివరి అక్షరం చూసి ఉచ్చారణ చెప్పలేం. విభక్తిని పేరుకు తగిలించకుండా తప్పించుకునే మార్గం భాషలోనే ఉంది, ‘అనే’: ‘ఈ బ్లాకులో “ఒపాసిటీ” అనే ప్రాపర్టీ మళ్లీ వచ్చింది. ఒక్కటే ఉంచండి.’ ఇక ఏ పేరు వచ్చినా వాక్యం చెదరదు. విభక్తి అవసరమైనా అది ‘ప్రాపర్టీ’ అన్న మన మాటకే అంటుకుంటుంది: ‘“కలర్” అనే ప్రాపర్టీని’, ‘“ఒపాసిటీ” అనే ప్రాపర్టీని’.

నియమాల పేర్లను మాత్రం ముట్టుకోకండి. సందేశం పక్కన ఆ పేరు కనిపిస్తుంది, వెతుక్కునేవారు దానితోనే వెతుకుతారు.

మరో సభ్యురాలు: ఇండెంటేషన్, ఖాళీ జాగాల నియమాలకు కూడా తెలుగు వాక్యాలు కూర్చుకోవాలా అండి? అవే ఎక్కువ కదా.

జవాబు: అక్కర్లేదమ్మా. అలాంటి 76 శైలి నియమాలను 15వ వెర్షన్‌లో వాడుక తగ్గించమని ప్రకటించి, 16లో తీసేశారు. ఆ పని ఇప్పుడు ప్రిటియర్ వంటి, కోడ్‌ను తీరుగా సర్దే సాధనాలు చూసుకుంటాయి. మిగిలినవాటిలో నిజమైన పొరపాట్లను పట్టేవాటికి ముందు రాయండి: తెలియని ప్రాపర్టీ, తెలియని యూనిట్, చెల్లని రంగు కోడ్.

మొదట అడిగినవారు: చాలా సంతోషం. ‘అనే’ పెట్టి అన్నీ తిరగరాస్తాను. ఇంకొక్క సందేహం. మా ప్యాకేజీ ‘స్టైల్‌లింట్-కాన్ఫిగ్-స్టాండర్డ్’ను ‘ఎక్స్‌టెండ్స్’లో పెట్టుకుంటుంది, అంటే దాని నియమాలను ఆధారంగా తీసుకుంటుంది; ప్రాజెక్టులు అలాగే మా ప్యాకేజీని పెట్టుకుంటాయి. ఎవరైనా తమ ప్రాజెక్టులో ఒక నియమాన్ని మార్చుకుంటే మా తెలుగు వాక్యం నిలుస్తుందా?

జవాబు: నిలవదండి. పూర్వ సూత్రానికీ పర సూత్రానికీ పోటీ వస్తే పరానిదే పైచేయి అన్న పాణిని పరిభాష ఇక్కడా పనిచేస్తుంది: ‘ఎక్స్‌టెండ్స్’ వరుసలో తర్వాత వచ్చినది ముందుదాన్ని, ప్రాజెక్టు సొంత నియమం అన్నిటినీ తోసిపుచ్చుతుంది. అదీ సగం సగం కాదు, ఆ నియమం విలువ మొత్తంగా మారిపోతుంది. తీవ్రతను వార్నింగ్‌కు దించుదామని వాళ్లు ఆ ఒక్క ముక్క రాసినా, మీ సందేశం పోయి ఇంగ్లీషు వాక్యం వస్తుంది. కాబట్టి సందేశాలను ప్యాకేజీలోనే వేరే ఫైలుగా ఉంచి, బయటివారు తెచ్చుకునేలా ఎగుమతి చేయండి. నియమం మార్చుకునేవారు ఆ ఫైలునుంచి వాక్యాన్ని కూడా తమ నియమంలో చేర్చుకోవాలని రీడ్‌మీలో రాయండి. మేలు, అండి తేడా వల్ల ఒక్కో నియమానికి రెండు వాక్యాలు, ఎర్రర్‌కు ఒకటి, వార్నింగ్‌కు ఒకటి, అందులో పెట్టవలసి ఉంటుంది.