అప్‌డేట్: హెడ్‌ఫోన్స్‌లో మృదంగం గుమ్కీ వినబడని సమస్య తీరింది

కొత్తగా కొన్న 32 ఓమ్‌ల (ఓమ్ అంటే విద్యుత్ నిరోధం కొలత) క్లోజ్డ్ బ్యాక్, అంటే వెనకవైపు మూసి ఉండే, హెడ్‌ఫోన్స్‌లో మృదంగం కుడివైపు దెబ్బలు స్పష్టంగా పలుకుతున్నా, ఎడమవైపు పలికే గుమ్కీ, అంటే ఆ లోతైన మంద్ర నాదం, డొల్లగా వస్తోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా "మీరు కళ్ళజోడు పెట్టుకుంటారా?" అని అడిగినవారికి. అసలు దోషం అక్కడే ఉంది.

శనివారం చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక రిపేరు దుకాణానికి వెళ్ళాను. అక్కడి మెకానిక్ ముందు నా చెవి వెనక వేలితో తడిమి చూశారు. కళ్ళజోడు కాడ కుషన్‌ను పైకి లేపుతోంది, ఆ సందులోంచి గాలి పోతోంది. క్లోజ్డ్ బ్యాక్‌లో కుషన్ చెవి చుట్టూ గాలి చొరకుండా అతుక్కోకపోతే ముందు పోయేది మంద్రమేనట. జోడు తీసి వింటే, అదే పాటలో గుమ్కీ గుండెకు తగిలింది! కళ్ళు చెమర్చాయి.

మందపాటి మెత్తని కుషన్లు వేయించాను, 850 రూపాయలయింది. పై స్థాయి మెరుపు కొద్దిగా తగ్గింది, నాకు అభ్యంతరం లేదు. సన్నని కాడల జోడు కూడా చేయించుకున్నాను.

యాంప్లిఫయర్ అవసరపడలేదు. ఎక్కువ నిరోధం ఉండే 250 ఓమ్‌ల రకమైతే వేరే మాట, దీనికి ఫోను చాలు. అంతకుముందు కేబుల్ మార్చినా, ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైళ్ళు పెట్టినా, వాడగా వాడగా ధ్వని మెరుగవుతుందేమోనని వంద గంటలు మోగించినా తేడా రాలేదు.