‘నూటికి రూపాయిన్నర’లో నెల ఎక్కడుంది?

హన్మకొండ నుంచి ప్రశ్న:
పదో తరగతి పిల్లలకు రెండు చరరాశుల సమీకరణాలు చెబుతున్నాను. పుస్తకంలో లెక్కలు చప్పగా ఉన్నాయని నేనే ఒకటి అల్లాను. “ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతుకు లక్ష రూపాయలు వచ్చాయి. కొంత బ్యాంకులో ఏడాదికి 6 శాతానికి వేశాడు. మిగిలింది నూటికి రూపాయిన్నర మిత్తికి ఇచ్చాడు. ఏడాదికి మొత్తం 13,200 రూపాయల మిత్తి వచ్చింది. ఎక్కడ ఎంత పెట్టాడు?”

ఒక అమ్మాయి బ్యాంకులో 2,60,000, బయట మైనస్ 1,60,000 అని తేల్చింది. కూడికల్లో, తీసివేతల్లో ఎక్కడా పొరపాటు లేదు. రూపాయిన్నరను ఏడాదికి ఒకటిన్నర శాతం అనుకుంది, అంతే. తప్పు ఆ పిల్లదా, నా వాక్యానిదా?

నర్సంపేట నుంచి:
వాక్యానిదే సార్. మా దగ్గర ‘నూటికి’ అన్నామంటే ‘నెలకు’ అందులోనే ఉంటుంది, పైకి అనం. రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. కానీ ప్రామిసరీ నోటు రాసేటప్పుడు చూడండి, ‘నెలకు నూటికి’ అని విడమరిచి రాస్తారు. నోట్లో మింగేసిన నెలను నోటు మీద కక్కాల్సిందే!

కరీంనగర్ నుంచి:
మాట సంగతి అలా ఉంచండి, ఆ లెక్కకు సమీకరణమే అక్కరలేదు. లక్షా బ్యాంకులోనే ఉంటే వచ్చేది 6,000. ఇంకా 7,200 రావాలి. బ్యాంకులోంచి తీసి బయట ఇచ్చిన ప్రతి వందకూ 12 రూపాయలు ఎక్కువ వస్తాయి. 7,200లో పన్నెండ్లు 600. అంటే 600 వందలు, 60,000 బయట, 40,000 బ్యాంకులో. మా తాత ఇంతకంటే పెద్ద లెక్కలు నోటితోనే తేల్చేవాడు.

వరంగల్ నుంచి:
నెలను మింగడం మనతో మొదలైంది కాదు. భాస్కరాచార్యుడి లీలావతిలో ఇలాంటిదే ఉంది. ‘ఆరు తక్కువ నూరు’ నిష్కాలను (అప్పటి నాణేలు) మూడు భాగాలు చేసి నూటికి ఐదు, మూడు, నాలుగు చొప్పున ఇచ్చారు. వరుసగా 7, 10, 5 నెలల్లో మూడింటికీ సమానమైన వడ్డీ వచ్చింది. భాగాలు 24, 28, 42. ఆ శ్లోకంలోనూ రేటు పక్కన ‘నెలకు’ అని లేదు.

నర్సంపేట నుంచి:
అక్కడ లేకపోయినా నష్టం లేదండీ. వడ్డీలు సమానం అన్నారు గానీ ఎంతో చెప్పలేదు. రేట్లు నెలకనుకున్నా ఏడాదికనుకున్నా భాగాలు మారవు. సార్ లెక్కలో 13,200 అని అంకె పెట్టారు, అక్కడే బోల్తా పడింది.

హన్మకొండ నుంచి:
నిజమే, ఇది నాకు తట్టలేదు. ‘నెలకు’ చేర్చి మళ్లీ ఇచ్చాను. ఈసారి సరిగ్గానే చేసింది గానీ, “బ్యాంకు ఇచ్చేది వడ్డీ కదా సార్, దాన్ని కూడా మిత్తి అంటారా?” అని అడుగుతోంది. దీనికి మీరే చెప్పండి.