గప్పీ పిల్లలను విడిగా పెంచాలా, తల్లి తొట్టిలోనే వదిలేయాలా?

ఎర్రతోక:
నిన్న పొద్దున మా ఎర్ర గప్పీ 38 పిల్లల్ని పెట్టింది. మాది గుంటూరు. పెద్ద చేపలు 9 ఉన్న 100 లీటర్ల తొట్టి ఒకటి, ఖాళీగా పడున్న 20 లీటర్ల తొట్టి ఒకటి ఉన్నాయి. తల్లి దగ్గరుంచితే రెండ్రోజుల్లో సగం మిగలవని మా మరిది అంటున్నాడు. చేపల షాపతనేమో జావా మాస్ అనే నాచు వేసి అందులోనే వదిలేయమన్నాడు. పిల్లలు తొందరగా ఎదగాలి, ఒక్కటీ పోకూడదు. ఏం చేయమంటారు?

ఖాళీతొట్టి:
మీ మరిది చెప్పిందే నిజమండీ. ఈ రోజే చిన్న తొట్టిలోకి మార్చండి. అడుగున ఇసుక, రాళ్లు వద్దు. మిగిలిన మేత కంటికి కనబడాలి, వెంటనే పైపుతో లాగేయాలి. పెద్ద తొట్టిలో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ ఉంటే దాన్నే ఇందులో పెట్టండి, కొత్తది వద్దు. పాత స్పాంజ్‌లో ఉన్న బ్యాక్టీరియానే మురికిని విరిచేది. నీళ్లు కూడా పెద్ద తొట్టివే పొయ్యండి.

మేత రోజుకు నాలుగుసార్లు, ప్రతిసారీ కొంచెమే. అన్నిటికంటే మంచిది అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవాల పిల్లలు. లీటరు నీళ్లలో 25 గ్రాముల రాళ్ల ఉప్పు, పావు చెంచా ఆర్టీమియా గుడ్లు, అడుగు నుంచి గాలి, 28 డిగ్రీల వేడి ఉంటే 24 నుంచి 36 గంటల్లో పిల్లలు వస్తాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి. కింద చేరిన నారింజరంగు పిల్లల్ని మాత్రమే తీసి, మంచినీళ్లలో కడిగి వెయ్యండి. ఆర్టీమియా లేని రోజు ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన సూదిమొన మీద నిలిచేంత చాలు. రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి.

తొందర ఎందుకంటే, మగ గప్పీ వయసుకొచ్చాక ఇక దాదాపుగా ఎదగదు. మొదటి రెండు నెలల్లో మేత తగ్గితే ఆ లోటు తర్వాత ఎంత పెట్టినా పూడదు.

నాచుగూడు:
పచ్చసొన అన్న మాట చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను. 2019లో ఇలాంటి సలహా విని వేశాను. సాయంత్రం వేస్తే తెల్లారేసరికి నీళ్లు పాలలా అయ్యాయి, 52 పిల్లలు అడుగున పడి ఉన్నాయి. ఆ వాసన నాకింకా గుర్తుంది. దయచేసి ఎవరికీ చెప్పకండి.

ఖాళీతొట్టి:
సూదిమొన అన్నాను, చెంచా అనలేదు. మీరెంత వేశారు?

నాచుగూడు:
ఎంత వేశానన్నది కాదు. కొత్తవాళ్లకు సూదిమొన అంటే ఎంతో ఎలా తెలుస్తుంది? చేతికొచ్చినంత వేస్తారు. నేనూ అదే చేశాను.

గోదారిగట్టు:
ఫిల్టర్‌కు గాలి కొట్టే ఎయిర్ పంప్ బ్యాటరీది కొనండి. మాకు మొన్న ఆరు గంటలు కరెంటు లేదు.

బోరునీళ్లు:
ఇద్దరిదీ నిజమే కావచ్చు. పచ్చసొన కుళ్లితే అమ్మోనియా వస్తుంది. పీహెచ్, అంటే నీళ్ల క్షారగుణం కొలత, ఎంత ఎక్కువుంటే ఆ అమ్మోనియా అంత విషం. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు. గప్పీలకు ఆ గట్టిదనం మంచిదే, కానీ పీహెచ్ 8 దాటిన నీళ్లలో కొంచెం మేత కుళ్లినా పిల్లలు తట్టుకోలేవు. నాచుగూడు గారూ, మీవి బోరు నీళ్లేనా?

నాచుగూడు:
బోరు నీళ్లే. పీహెచ్ ఆ రోజుల్లో చూడలేదు.

ఎర్రతోక గారూ, నా పద్ధతి చెప్తాను. పెద్ద తొట్టిలో నీళ్లు ఎక్కువ, అవి 20 లీటర్లంత తొందరగా పాడవవు. గప్పీ గ్రాస్ అనే నీటిమొక్క, మాస్ దట్టంగా వెయ్యండి. నాచు మీద కంటికి కనబడని జీవాలుంటాయి, పిల్లలు రోజంతా వాటిని పొడుచుకు తింటాయి. మా ఇంట్లో ప్రతి కాన్పులో పదో పన్నెండో నిలబడతాయి. నిలబడినవి గట్టివి.

ఖాళీతొట్టి:
40 పుడితే 12! మిగతా 28 ఎక్కడికి పోయాయి? తల్లి కడుపులోకేగా. దాన్ని పెంపకం అంటారా?

నాచుగూడు:
మీ పెంపకం ఎలాంటిదో నాకు తెలుసండీ. రెండేళ్ల క్రితం ఇంట్లో పెంచి అమ్మే ఒకరి దగ్గర మా అమ్మాయి కోసం 16 గప్పీలు తెచ్చాను. పెద్ద తోకలు, మంచి రంగు. పది రోజుల్లో 14 పోయాయి. పిల్ల అన్నం మానేసి తొట్టి ముందు కూర్చుంది. తర్వాత అడిగితే హీటర్ 30లో పెట్టి, రోజుకు ఆరుసార్లు మేత వేసి పెంచామన్నారు. వేడిలో తొందరగా ఎదుగుతాయి, తొందరగా ముసలివీ అవుతాయి. మామూలు ఇంటి నీళ్లకు అవి తట్టుకోలేదు.

ఖాళీతొట్టి:
ఎవరో అమ్మిన చేపలు పోతే నన్నంటారేం? నా తొట్లు 26 దాటవు. అమ్మే ముందు పది రోజులు వారానికి ఒక్కసారే నీళ్లు మారుస్తాను, కొన్నవాళ్ల ఇంట్లో అలాగే ఉంటుంది కనుక. 2020లో నా ఉద్యోగం పోయింది. ఆ ఏడాది మా ఇంటి పాల ఖర్చు, పిల్లాడి ఫీజు ఈ చేపల మీదే వెళ్లాయి. ఒక్కో పిల్లనూ లెక్కపెట్టి సాకాను. 28 పోతే పోయాయిలే అని నేననలేను.

కొత్తచేప:
ఇంతకీ పచ్చసొన వెయ్యొచ్చా?

ఎర్రతోక:
గొడవ వద్దండీ. ఒక్కటీ పోకూడదని అడిగింది నేనే కదా.

నాచుగూడు:
ఖాళీతొట్టి గారూ, మీ కష్టం నాకు తెలియదు. అలా అనకుండా ఉండాల్సింది. కానీ నా భయం వేరే ఉంది. ఎర్రతోక గారి 38 బతికాయనుకోండి. తల్లి నెల తిరిగేసరికి మళ్లీ పెడుతుంది. మగది లేకపోయినా ఒక్క జతకట్టుతో నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. ఈ 38లో సగం ఆడవైతే మూడు నెలలకు అవీ మొదలుపెడతాయి. అప్పుడెక్కడ పెడతారు? మా కాలనీలో ఒకాయన చోటు చాలక రెండు బకెట్లు చెరువులో పోశాడు, దోమలు పోతాయని సంతోషపడ్డాడు. గప్పీలు మన చెరువు చేపల గుడ్లనూ పిల్లలనూ తింటాయి, ఒకసారి దిగితే వాటిని తియ్యలేం. చెరువులో పోసేకన్నా తల్లి తినడం నయం. ఇది మాత్రం మార్చుకోను.

ఖాళీతొట్టి:
చెరువు విషయంలో మీతోనే ఉన్నాను. కానీ తొట్టిలో పుట్టినదాన్ని తల్లికి మేతగా వదలడం నా చేత కాదు. పుట్టకుండా చూసుకోవాలి. నాలుగో వారం నుంచి రోజూ గమనించండి. మగవాటికి అడుగు రెక్క సన్నబడి సూదిలా అవుతుంది, ఆడవాటికి పొట్ట చివర నల్లమచ్చ పడుతుంది. కనబడ్డ రోజే విడదీయాలి. పిల్లల్ని పెద్దవాటితో కలిపి పెంచితే ఏది ఎప్పుడు వయసుకొచ్చిందో మీకు తెలియదు. నేను విడి తొట్టి అనేది అందుకు కూడా.

నాచుగూడు:
విడదీయడానికి మూడో తొట్టి కావాలి. అందరి ఇళ్లల్లో చోటుండదు.

బోరునీళ్లు:
తల్లినీ వేరు చెయ్యండి. మగ చేపలతో ఉన్నన్నాళ్లూ ఆగదు.

ఎర్రతోక:
ఈ పూట మార్చేశాను. లెక్కపెడితే 31 ఉన్నాయి, మరిది అన్నట్టే అయింది. పాత స్పాంజ్ పెట్టాను. ఆర్టీమియా గుడ్లు విజయవాడ నుంచి రేపు వస్తాయి. పక్కింటి వాళ్లు ఆరు, మా అక్క పది తీసుకుంటామన్నారు. మగవాటిని చిన్న తొట్టిలోనే ఉంచేస్తాను. ఆడవాటికి మేడ మీది సిమెంటు తొట్టి సరిపోతుందా? ఏప్రిల్, మే ఎండ పూర్తిగా పడుతుంది.

ఖాళీతొట్టి:
ఎండ నేరుగా పడితే వద్దు. గుంటూరు ఎండకు లోతు తక్కువ తొట్టి మధ్యాహ్నానికి కాగిపోతుంది. పైన గ్రీన్ నెట్ కట్టి, తొట్టి ఎంత లోతో రాయండి, చెప్తాను.

నాచుగూడు:
మాది మంగళగిరి. గప్పీ గ్రాస్ బోలెడుంది, ఒక కవరు నిండా ఇస్తాను, వచ్చినప్పుడు తీసుకెళ్లండి. అది వేస్తే సిమెంటు తొట్టిలో నీడ కూడా ఉంటుంది. ఈ రాత్రికి పొడి చేసిన మేతే వెయ్యండి. పచ్చసొన జోలికి మాత్రం వెళ్లకండి.