దిగ్దాహమంటే ధ్రువకాంతేనా? "అపసవ్య" దగ్గర ఆగిపోయింది

(మాట్లాడేవాళ్ళకి ఊరిపేర్లే పేర్లు.)

టెక్కలి: దిక్కులు మండుతున్నట్టు కనబడడం దిగ్దాహం. వరాహమిహిరుడి బృహత్సంహితలో దాని అధ్యాయం మొదటి శ్లోకం సగమే నోట ఆడుతోంది. "దాహో దిశాం రాజభయాయ పీతో..." తరవాత ఎరుపు, పంటనాశం వస్తాయి. అక్కడ "అపసవ్యవాయుః" అనా, "వాయౌ" అనా? 2024 మే 10-11 రాత్రి లద్దాఖ్ హాన్లేలో కెమెరాకి చిక్కిన అరోరా (ధ్రువకాంతి) ఎర్ర వెలుగుని దిగ్దాహం అనొచ్చా అన్న మాట మీద ఇది గుర్తొచ్చింది.

బొబ్బిలి: విసర్గే. "యశ్చారుణః స్యాదపసవ్యవాయుః". వృత్తం ఇంద్రవజ్ర కాబట్టి చివర గురువు కావాలి, అది రెండింటికీ ఉంది. గణాలతో తేలదు మాష్టారూ, అన్వయంతోనే తేలాలి. బహువ్రీహి చేస్తే దాహానికి విశేషణం అవుతుంది.

సాలూరు: విసర్గ సరే, అర్థం? సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. ఎడమచేత్తోనూ బాణమేసే అర్జునుడే కదా సవ్యసాచి. తద్దినంలో జంధ్యం కుడి భుజానికి మారిస్తే అపసవ్యం. తెలుగులో మాత్రం సవ్యం అంటే సరైనది అయి కూర్చుంది. మన అపసవ్యం పెట్టుకుని ఆ గాలిని "ఎదురుతిరిగిన గాలి" అంటే ఎలగండీ?

చీపురుపల్లి: గాలి మీరు చూసుకోండి, వెలుగు నేను చెబుతా. అరోరా ఎరుపు ఆక్సిజన్ పరమాణువుది, తరంగదైర్ఘ్యం 630 నానోమీటర్లు. అది వెలువడడానికి సుమారు 110 సెకన్లు పడుతుంది. 200 కిలోమీటర్ల దిగువన గాలి చిక్కన. ఈలోపే ఇంకో అణువు వచ్చి గుద్దేస్తుంది, వెలుగు పుట్టదు. ఆకుపచ్చ, 557.7, సెకను లోపే వచ్చేస్తుంది కనక 100 కిలోమీటర్ల దగ్గరా బతుకుతుంది. దూరం నుంచి చూస్తే పచ్చ భూమి వంపు చాటుకి పోయి పైనున్న ఎరుపే మిగులుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున్నదైనా మనకీ దానికీ మధ్య 20 డిగ్రీల అక్షాంశ దూరం దాటితే కనబడదు. శ్రీకాకుళం ఉన్నది 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. లెక్క మీరే కట్టండి.

పాలకొండ: మన వైపు ఆకాశం అంచు ఎర్రబడితే ముందు పోడు మంట అనుకోవాలి. తేల్చుకోడం తేలిక. ఫోన్ కదలకుండా నిలబెట్టి 10 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి. వైట్ బ్యాలెన్స్ ఆటో తీసేసి 4000 కెల్విన్ దగ్గర కట్టెయ్యండి, లేకపోతే రంగు ఫోటోఫోటోకీ మారిపోతుంది. మంట వెలుగు నేలనంటి నారింజగా ఉంటుంది, పొగలో చుక్కలు మాసిపోతాయి. అరోరాలోంచి చుక్కలు కనబడతాయి.

బొబ్బిలి: శీర్షికలో "ధ్రువ" సరిగ్గా రాసినందుకు సంతోషం. సగంమంది వట్రుసుడి పెట్టి "ధృవ" అంటారు. అక్కడున్నది క్రారవడి.

సాలూరు: అరోరాని అరుణుడితో కలిపేవాళ్ళూ ఉన్నారు. రోమన్ల ఉషోదేవి పేరది. చుట్టరికం ఉషస్సుతోనే, అరుణతో కాదు.

చీపురుపల్లి: అరిష్టం మాటకొస్తే మన విజయనగరం గురజాడే మేలు. 1910లో హేలీ తోకచుక్కకి లోకం హడలితే, "కేతువా యది?" అని ఎదురడిగి "వేల్పు లలనల కేలి వెలితొగ" అనేశారు.

టెక్కలి: కేలి అంటే చేతిలోని తెల్లకలువ, అంతేగా?

సాలూరు: ఆటకలువ ఎందుకు కాకూడదు?

బొబ్బిలి: ఆటైతే "కేళి" అని ళకారం ఉండాలి కదండీ.

సాలూరు: సంస్కృతంలో కేలి, కేళి రెండూ ఉన్నాయి. నిఘంటువు తిరగెయ్యండి.

టెక్కలి: ఇంతకీ నా గాలి ఎటు వీస్తోంది?