పాత ల్యాప్‌టాప్‌లు, సొంత నంబరు లేని విద్యార్థులు: సలహా కావాలి

నమస్కారం. కంప్యూటర్ ముట్టుకునే అవకాశమే రానివాళ్లకి మేం కొంతమందిమి కలిసి ఇంటర్నెట్ వాడకం నేర్పిస్తున్నాం. ఎవరో వాడి ఇచ్చేసిన ల్యాప్‌టాప్‌లే మాకు దిక్కు, ఎక్కువ భాగం 4 జీబీ ర్యామ్‌వి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది, వీటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయాలా, క్రోమ్ ఓఎస్ ఫ్లెక్సా? మొదటిసారి మౌస్ పట్టుకునేవాళ్లకి ఏది తేలిక?

అసలు తలనొప్పి మాత్రం ఓటీపీ. మెయిల్ ఐడీ తెరుద్దామంటే నంబరు అడుగుతుంది. ఆ నంబరేమో కొడుకుదో, పక్కింటివాళ్లదో. వాళ్లు ఫోన్ ఎత్తకపోతే ఆ రోజు క్లాసు అక్కడితో సరి. ఇక పాస్‌వర్డ్ సంగతంటారా, "నువ్వే పెట్టి నువ్వే గుర్తుంచుకో బాబూ" అంటారు. అది నాకు అస్సలు ఇష్టం లేదు. ఓటీపీ రానప్పుడు వాడే బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసిద్దామంటే ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందోనని టెన్షన్. సొంత నంబరు లేనివాళ్ల ఖాతాలు మీరెలా నడిపిస్తున్నారు?

ఇంకొకటి. ఫోన్‌లో ఐకాన్‌ని ఒకావిడ కాలింగ్ బెల్‌లా గట్టిగా నొక్కి పట్టుకుంటారు. యాప్ తెరుచుకోదు, ఏదో మెనూ వస్తుంది. "పాడుచేశానా?" అని చేయి లాక్కుంటారు. ఫోన్ సెట్టింగ్‌లలోని యాక్సెసిబిలిటీలో నొక్కి పట్టే సమయం పెంచాక కాస్త నయం. ఇలాంటి సెట్టింగ్‌లు ఇంకేమైనా ఉన్నాయా?

దయచేసి "యూట్యూబ్‌లో వీడియోలున్నాయిగా" అనకండి. వీడియో వెతకడమే వాళ్లకింకా రాదు.