మోట, గాసం తెలియనివాళ్లకు ఆ కవిత్వం ఎందుకు?

గోదారిగట్టు: దువ్వూరి రామిరెడ్డి ‘కృషీవలుడు’ ఇవాళ్టికీ చదువుతున్నాం. రైతు కష్టం, నేల మీద మమకారం పాతబడేవి కావు. ఇప్పటి కవులేమో ఎడ్లతో బావినీళ్లు తోడే మోట, విత్తనాలేసే గొర్రు, పశువుల మేతకు గాసం అంటూ సామాన్ల పట్టీ రాస్తున్నారు. కింద అర్థాలివ్వకపోతే మా పిల్లలకు ఒక్క ముక్క ఎక్కదు. నిలిచేది భావమా, సామానా?

రేగడిచేను: సామాను లేని భావం ఎట్లుంటదో ఒకటి చూపియ్యి అన్నా. సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ తీసుకో. జీతానికి పసులు కాసే పోరడి పాట. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లనే వచ్చింది. మరి 1979ల ‘మాభూమి’ సినిమాల ఆ పాట వినుకుంట జనం ఎందుకేడ్చిన్రు?

చలమ: ఇప్పటికీ ఏడుస్తాం.

గోదారిగట్టు: అది బాణీ మహిమ. మొన్న ఒక కవితలో ‘ఎడ్లు వెనక్కి నడిచి గట్టెక్కాయి’ అని చదివాను. ఎద్దు వెనక్కి నడవడమేమిటండీ? రాసేవాడికైనా తెలియాలిగా!

ఎర్రమట్టి: మోట చూశారా ఎప్పుడైనా? ఎడ్లు వాలుబాటలో దిగితే బొక్కెన పైకొస్తుంది. తోలేవాడు తాడు మీద కూర్చుని బరువేస్తాడు. నీళ్లు తొట్లో పడ్డాక ఎడ్లు వెనక్కే నడిచి గట్టెక్కుతాయి. మా బావి దగ్గర అంతే.

గోదారిగట్టు: మాది కాలవ కింద ఊరు, మాకు మోటలెక్కడివి? అయినా ఎడ్లు ఏ వైపు నడిస్తే ఏం! నాట్లకు మనుషులు దొరక్క నేను పడ్డ పాట్లు ఒక్క కవీ రాయడు. పొలం ఉన్నవాడంటే దొరే మీ లెక్కలో.

రేగడిచేను: గిప్పుడు అసలు సంగతి బయటపడ్డది. మా తాత మోటబొక్కెన కుట్టేటోడు. చచ్చిన ఎద్దు తోలు తెచ్చి, తంగేడు చెక్కతోని ఊనబెట్టి, పదునుజేసి కుట్టిస్తే, కళ్లం కాడ ఇన్ని గింజలు కొలిచేటోళ్లు. అవి గుడ కడాఖరికి, ఊడ్చినంక. ‘రైతు చెమట’ అని రాస్తే అండ్ల మా తాత యాడున్నడు? ఈ సంగతే కవిత రాసి పంపితే ఓ పత్రికోళ్లు ‘స్థానికత ఎక్కువైంది’ అని వాపసు పంపిన్రు.

గోదారిగట్టు: కులం నేనెత్తలేదు.

రేగడిచేను: నువ్వెత్తలే. మోట ఎత్తింది. అందుకే అది నీకు సామాన్ల పట్టీ లెక్క కనవడ్తున్నది.

చలమ: కొట్టుకోకండి బాబూ.

గోదారిగట్టు: ఆ కవిత ఇక్కడ పెట్టండి, అర్థాలు లేకుండా. చదివి చెప్తాను. ఎడ్ల సంగతి మాత్రం ఎవరైనా వీడియో పెడితే తప్ప నమ్మను.